ఈసారి మీట్‌బాల్స్ కుదిరాయండోయ్
నిన్న రాత్రి మళ్ళీ మీట్‌బాల్స్ చేశా. పోయినసారివి గోళీకాయల్లా గట్టిగా వచ్చాయి, తప్పు నాదే, కైమాని పిండి పిసికినట్టు పిసికి పెట్టా మరి. ఈసారి అరకిలో కైమాకి 2 బ్రెడ్ ముక్కలు పాలల్లో నానేసి చిదిపి, ఒక గుడ్డు, తురిమిన ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, మిరియాల పొడి వేసి వేళ్ళతో అలా అలా కలిపి వదిలేశా, చెయ్యి తడి చేసుకుని నిమ్మకాయంత ఉండలు చుట్టా. అన్నీ చుట్టేముందు చిన్న ముద్ద పెనం మీద వేయించి రుచి చూశా కాబట్టి సరిపోయింది, ఉప్పు అస్సలు చాల్లేదు, లేకపోతే గోవిందా!

నూనెలో చుట్టూ ఎర్రగా వేయించాక అదే గిన్నెలో టమాటా సాస్ పోసి సన్నసెగ మీద 20 నిమిషాలు ఉడికించా, అడుగున అంటుకున్నదంతా సాస్‌లోకి దిగుతుంది చూడండి, అసలు రుచి అక్కడే ఉంది. ఓవెన్‌లో 200 డిగ్రీల్లో పెడితే పని తక్కువే గానీ నాకు ఆ వేగిన అంచు కావాలి. స్పఘెట్టి మీద బానే ఉంటాయి కానీ నా ఓటు మాత్రం బన్నులో పెట్టి పైన చీజ్ కరిగించడానికే. మర్నాటికి ఇంకా బాగుంటాయని 4 దాచిపెట్టి పడుకున్నా, పొద్దున్నే చూస్తే గిన్నెలో సాస్ ఒక్కటే ఉంది 😑