పొడిలో దాక్కున్న నీళ్లు

ఒడిశాలోని కోరాపుట్ వానల్లో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడికి ఇన్‌ఫ్రారెడ్ గ్రాఫు, అంటే అది ఏ పరారుణ కాంతిని పీలుస్తుందో చూపే గీత, తీయడమంటే సగం పోరు చెమ్మతోనే. పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పులో కలిపి బిళ్ల నొక్కేలోపే ఆ ఉప్పు గాలిలో తేమ తాగేస్తుంది. గ్రాఫులో సెంటీమీటరుకు 1635 తరంగాల దగ్గర నీటి శిఖరం లేస్తే, ఆ నీళ్లు పొడివా, బయట మబ్బువా? అందుకే పొడుల్ని దీపం వేడి కిందే ఉంచుతున్నాను.

మా రాయగడ వాళ్లకి దమన్‌జోడి కొత్త కాదు. పంచపట్‌మలి కొండ బాక్సైట్ అక్కడే అల్యూమినా అవుతుంది. కానీ ఆ తెల్లపొడి లోపలి సంగతి గ్రాఫులో చూడటం వేరు. అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ని 300 డిగ్రీలు దాటించగానే 3400, 3600 తరంగాల మధ్య నిలబడ్డ హైడ్రాక్సిల్ (OH) మొనదేరిన శిఖరాలు కూలి, ఒక మొద్దు వంపు మిగిలింది. 1200 డిగ్రీలకి అదీ దాదాపు లేదు. కింద 450, 600 తరంగాల దగ్గర ఆల్ఫా అల్యూమినా, అంటే బాగా కాల్చాక మిగిలే స్థిరమైన స్ఫటిక రూపం, పదునుగా తేలింది. అబ్బ, ఆ గీత!

అల్యూమినియం లోహప్పొడి మాత్రం మొండిఘటం. పరారుణ కాంతిని వెనక్కి తిప్పికొడుతుంది, పైన ఆక్సైడ్ పొర చూస్తే కొన్ని నానోమీటర్లే.

"ఏటిరా, ఇంకా ఆ సున్నమే కాలుస్తన్నావా?" అంది అమ్మ ఫోన్లో. సున్నం కాదని చెప్పడం మానేశాను. రేపు 900 డిగ్రీల శాంపిల్ ఉంది, తక్కువ వేడిలో వచ్చే గామా రూపానికీ ఆల్ఫాకీ నడుమ ఏ రూపం దొరుకుతుందో చూడాలి.