నా పాఠంలో ఒక ‘కూడా’

లండన్‌లో ఫ్లోరెన్స్ నైటింగేల్ మ్యూజియం సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. ఇన్నేళ్లుగా నర్సింగ్ చరిత్ర చెబుతున్నదాన్ని, ఇక్కడ కొత్తగా ఏముంటుందిలే అనుకుంటూ వెళ్లాను. అద్దాల పెట్టెలో లాంతరు చూసి ఆగిపోయాను. బొమ్మల్లో ఆవిడ చేతికిచ్చే నూనె దీపం కాదది. కిందా పైనా లోహపు మూతలు, మధ్యలో మడతలు పడి ముడుచుకునే తొడుగు, లోపల కొవ్వొత్తి. టర్కీ లాంతరు. బోర్డు మీద నేను గీసిన దీపాలన్నీ తప్పే అన్నమాట!

బయటికొస్తే థేమ్స్ ఒడ్డున, తోటలో మేరీ సీకోల్ విగ్రహం. 2016లో పెట్టారు. భుజాన సంచితో, ఎదురుగాలిలో విసవిసా నడుస్తున్నట్టు ఉంటుంది. వెనక పెద్ద కంచు బిళ్ల. క్రిమియా నేలను అచ్చు తీసి పోత పోశారట; చూపుకే గరుగ్గా ఉంది.

జమైకాలో పుట్టిన సీకోల్‌కు నాటువైద్యం తల్లి దగ్గరే అబ్బింది. 1854లో క్రిమియాలో జరుగుతున్న యుద్ధానికి నర్సుగా వెళ్తానంటే లండన్‌లో కాదన్నారు. సొంత ఖర్చుతో వెళ్లి, బాలాక్లావా దగ్గర హోటల్ నడుపుతూ సైనికులకు వైద్యం చేసింది. నా పాఠంలో ఆవిడకు దక్కింది ఒకటే వాక్యం: ‘మేరీ సీకోల్ కూడా సేవ చేసింది.’ ఆ ‘కూడా’ అక్కడ నిలబడ్డంతసేపూ గుచ్చుకుంది.

ఈ విగ్రహం ఇక్కడెందుకని నైటింగేల్ అభిమానులు కొందరు గొడవ చేశారు. 1860లో నైటింగేల్ స్కూలు మొదలైన ఆసుపత్రి ఇది, సీకోల్‌కు దీనితో సంబంధం లేదు. నిజమే. ఆవిడది హోటలే, ఆసుపత్రి కాదు. అలాగని పాఠంలోంచి తీసేస్తామా? ఆ మాటకొస్తే నైజీరియా నుంచి వచ్చిన కొఫొవొరొలా అబేని ప్రాట్ 1946లో ఆ నైటింగేల్ స్కూల్లోనే చేరారు. తర్వాత తన దేశానికే చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ అయ్యారు. ఆవిడ పేరైతే నేను క్లాసులో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

సాయంత్రం ట్యూబ్ రైల్లో నోట్‌బుక్ తీశాను. చరిత్రకు మాకున్నది ఒక్క గంట. సీకోల్‌కు పదిహేను నిమిషాలు, ప్రాట్‌కు పది. 1948 తర్వాత కరీబియన్ దీవుల నుంచి బ్రిటన్‌కు నర్సింగ్ కోసం వచ్చినవాళ్లలో చాలామందిని, ప్రమోషన్లకు దారిచ్చే మూడేళ్ల ఎస్‌ఆర్‌ఎన్ (స్టేట్ రిజిస్టర్డ్ నర్స్) కోర్సుకు బదులు రెండేళ్ల ఎస్‌ఈఎన్ (స్టేట్ ఎన్‌రోల్డ్ నర్స్) కోర్సులోకి మళ్లించారు. అది చెప్పకపోతే ఎలా? నైటింగేల్‌కు ఎన్ని నిమిషాలు తగ్గించాలో తేలేలోపే నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.