దుర్గాబాయి గారి కథతో మా ఇంగ్లీషు క్లాసు

కాకినాడలో సాయంత్రం ఏడింటికి పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టినప్పుడు నా దగ్గర పిల్లల వాచకాలే ఉండేవి. పద్నాలుగు మంది చేరారు. బట్టలు కుట్టే ఇద్దరు అక్కలు, ఆటో నడిపే ఆయన, మందుల షాపులో పనిచేసే అమ్మాయి, ఇంకా కొందరు. మూడో వారానికి సగం మందే మిగిలారు. పిల్లి బొమ్మ చూపించి 'దిస్ ఈజ్ ఎ క్యాట్' అనిపిస్తుంటే ముగ్గురు పిల్లల తల్లి తలొంచుకోవడం చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గొప్పవాళ్ల జీవితాలు చదివిద్దామనుకున్నాను. ముందు అబ్దుల్ కలాం గారి మీద ఒక ఇంగ్లీషు వ్యాసం జిరాక్సు తీయించి ఇచ్చాను. వాక్యానికి నాలుగు కొత్త మాటలు. రాకెట్ల దగ్గరికి వచ్చేసరికి అందరూ చదవడం ఆపేసి నా మొహం చూస్తున్నారు. అంత బరువైన ఇంగ్లీషు ఇవ్వడం నా తప్పే.

ఈసారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ నేనే రాశాను. వాక్యానికి ఆరేడు మాటలు, మొత్తం పన్నెండు వాక్యాలు. ముందు తెలుగులో చెప్పాను. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఇంగ్లీషు మీడియం రుద్దడం నచ్చక చిన్నప్పుడే బడి మానేశారు. ఇంగ్లీషు క్లాసులో ఈ మాట చెప్పాలా అని తటపటాయించాను గానీ, దాచడం సరికాదనిపించి చెప్పేశాను. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లొచ్చాక, ఇరవై దాటిన వయసులో మళ్లీ పుస్తకం పట్టారు. బెనారస్ మెట్రిక్యులేషన్, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే, మద్రాసులో లా.

"అయితే ఆవిడా మానేసి మళ్లీ చదివారాండి మాస్టారూ?" అని కుట్టుపని అక్క రెండుసార్లు అడిగింది.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం. తెలుగులో తిన్నాను, వచ్చాను లాగానే పుట్టాను అంటాం. అందుకే అందరి నోటా 'షి బోర్న్డ్' అనే వస్తుంది. సూత్రం చెప్పి లాభం లేదు. ఇంట్లో ఒక్కొక్కరి పేరు చెప్పి, ఏ ఊళ్లో ఏ ఏడు పుట్టారో చెప్పమన్నాను. 'వాజ్ బోర్న్' నోటికెక్కడానికి నాలుగు రోజులు పట్టింది.

1923లో కాంగ్రెస్ సభలు కాకినాడలోనే జరిగాయి. అక్కడి ఖాదీ ప్రదర్శన దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయి వలంటీరు. టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు టికెట్ కొన్నాకే వదిలారు. మన ఊళ్లోనే జరిగిందనేసరికి అందరూ నిటారుగా కూర్చున్నారు. తలుపు దగ్గర మందుల షాపు అమ్మాయి నిలబడింది, ఆటో ఆయన నెహ్రూ.

"వేర్ ఈజ్ యువర్ టికెట్?"

"ఐ డోంట్ హ్యావ్ ఎ టికెట్."

"సారీ సర్, యూ కాంట్ గో."

అన్నాళ్లూ నోరు విప్పని అమ్మాయి గొంతు పెంచి అడిగింది! ఆ సాయంత్రం అందరూ వంతులవారీగా గుమ్మం కాశారు. నేను 'డిడ్ షి స్టాప్ నెహ్రూ?' అంటే జవాబు సరిగ్గానే వచ్చేది. వాళ్లే ప్రశ్న వేయాల్సి వస్తే మాత్రం 'డిడ్ షి స్టాప్డ్' అనేవారు. ఆ తప్పు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మాట్లాడేటప్పుడు నేను అడ్డురాను, రాసినప్పుడు దిద్దుతాను.

ఆఖరి వారం ఎవరి కథ వాళ్లు ఐదు వాక్యాల్లో రాశారు. మందుల షాపు అమ్మాయి మొదటి వాక్యం దగ్గరే పెన్ను పట్టుకుని కూర్చుంది. ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. అది బళ్లో వేసిన తేదీ.

"96 తుఫాను వెళ్లిన వారానికి పుట్టానంటుందండి మా అమ్మ. ఏది రాయమంటారు?"

నీకు ఏది నిజమనిపిస్తే అది రాయమన్నాను. కాసేపటికి కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. 'ఐ వాజ్ బోర్న్ వన్ వీక్ ఆఫ్టర్ ది సైక్లోన్.' వాజ్ కింద తనే రెండు గీతలు గీసుకుంది.