గ్ల్డానీలో బయటికి పెరిగిన ఇళ్లు

జార్జియా రాజధాని టిబిలిసీ ఉత్తరాన గ్ల్డానీలో అద్దెకుంటున్నాను. సోవియట్ కాలపు బ్లాకులే, కానీ ఇప్పుడు ఏ రెండు బాల్కనీలూ ఒకేలా ఉండవు. 1991లో సోవియట్ యూనియన్ కూలాక కరెంటుకే దిక్కులేదు, ఇక కొత్త ఇళ్లెవరు కడతారు? ఇంట్లో మనుషులు పెరిగారు. దాంతో బాల్కనీకి ఇనుప చట్రం బిగించి, ఇటుకలో రేకులో పేర్చి, గాల్లోకే గది కట్టేశారు. కొన్నిచోట్ల కిందివాళ్ల గదే పైవాళ్ల గదికి ఆసరా. వీటిని కామికాజే లాజియాలంటారు, అంటే ప్రాణాలకు తెగించిన బాల్కనీలని. 2013లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో జార్జియా పెవిలియన్‌ని ఈ పద్ధతిలోనే కట్టారు.

2002లో ఈ ఊళ్లో భూకంపం వచ్చింది, అందుకే వాటి కింద నడవాలంటే నాకు టెన్షనే. అయినా వికారంగా ఉన్నాయని కొట్టిపారేసేవాళ్ల మాట ఒప్పుకోను. ఆ గదే లేకపోతే మా ఓనరమ్మ పిల్లలిద్దరూ వంటింట్లో పడుకుని పెరిగేవాళ్లు.