పచ్చసొన ఎవరు తింటారు?

"పచ్చది నాకొద్దు, నువ్ తిను" అంటూ మావాడు తెల్లసొన నోట్లో కుక్కుకుని, పచ్చసొన పక్క పిల్ల పళ్లెంలో పడేశాడు. ఆ పిల్ల దాన్ని వెంటనే ఇంకొకడి పళ్లెంలోకి తోసింది. అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి చూస్తున్నా, నవ్వు ఆగలేదు.

వెనక గోడ మీదేమో పోషకాహారం చార్టు. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఉదయం చిరుతిండి, మధ్యాహ్నం వేడి భోజనం కలిపి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ అందాలని ఉంది, 2023లో మార్చక ముందున్న పాత లెక్క అది. ఈ తిండి ఎవరో దయతలచి పెట్టేది కాదు, 2013 ఆహార భద్రతా చట్టంలో రాసిన హక్కు.

ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. అంటే ఆ లెక్కలో దాదాపు సగం. విటమిన్ ఎ, ఐరన్ మాత్రం దాదాపు అంతా పచ్చసొనలోనే. రిజిస్టర్‌లో గుడ్డు పెట్టినట్టే ఉంటుంది, వీడి కడుపులోకి మాత్రం తెల్లసొనే వెళ్లింది!

టీచర్‌తో అంటే, "అందుకే చిన్నోళ్లకి పప్పన్నంలో మెదిపేస్తానమ్మా, ఈ పెద్దోళ్లే కనిపెట్టేస్తున్నారు" అంది. ఇంతమందికి తినిపించి, పాటలు చెప్పి, ఫోన్‌లో ఎంట్రీలు కొట్టే మనిషికి ఇదో అదనపు పని. జీతం సంగతి ఎత్తితే ఈ పోస్టు ఇక్కడితో ఆగదు.

రేపు ఇంట్లో ఉల్లిపాయ, మిరియాల పొడి వేసి గుడ్డు పొరటు చేసి చూస్తా. మీ ఇళ్లలో పచ్చసొన ఎలా తినిపిస్తున్నారో కాస్త చెప్పండి.