పలుచని రేకు, ఫ్లష్ రివెట్: అలవబుల్ తేల్చడానికి నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం నా రిపోర్ట్ మీద సంతకం పడింది. నాలుగు నెలల టెన్షన్ దిగిపోయింది. అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను.

పని ఇది. విమానాలకు వాడే 0.040 అంగుళాల 2024-టీ3 క్లాడ్ అల్యూమినియం రేకులు రెండింటిని 1/8 అంగుళం ఫ్లష్ రివెట్‌తో (తల రేకులోకి దిగి సమంగా ఉండే రకం; ఎంఎస్20426ఏడీ4, 100 డిగ్రీల తల) కలిపితే ఆ జాయింట్‌కు ఎంత లోడ్ ఒప్పుకోవచ్చో, అంటే దాని అలవబుల్ ఎంతో, పరీక్షించి తేల్చాలి. రేకు కోయించడం, రివెట్లు తెప్పించడం, మెషీన్ దొరకడం చకచకా అయిపోయాయి.

పరువు పోయింది రివ్యూలో. ఈ రివెట్ షియర్ బలం (అడ్డంగా తెగే లోడ్) 388 పౌండ్లని టేబుల్లోనే ఉంటుంది. దాని పక్కన నా ముక్కలు విరిగిన లోడ్లు వేసుకుని ధీమాగా వెళ్లాను. రివ్యూ చేసే పెద్దాయన వాటిని చూడనే లేదు. సగం లోడ్ దగ్గర ఆపిన ముక్క ఉందా అని అడిగారు. ఇచ్చాను. "తల మీద గోటితో గీయండి" అని నాకే తిరిగిచ్చారు. గోరు టక్కున ఆగిపోయింది. రివెట్ తల ఒక పక్కకి ఒరిగి, అంచు పైకి లేచి ఉంది. "విరగడం తర్వాతి సంగతి. ఇది ఏ లోడ్ దగ్గర ఒరిగింది?" అన్నారు. పదిమంది ముందు నాకు నోట మాట రాలేదు.

ఆ రివెట్ తల లోతు 0.042 అంగుళాలు. రేకు మందమే 0.040. కౌంటర్‌సింక్ (తల కూర్చోడానికి తొలిచే గరాటు లాంటి గుంత) పై రేకును పూర్తిగా తినేసి, రంధ్రం చుట్టూ కత్తి అంచు మాత్రం మిగిల్చింది. లోడ్ పడగానే ఆ అంచు నలుగుతుంది, తల ఒరుగుతుంది. కౌంటర్‌సింక్ లోతు రేకు మందంలో మూడింట రెండు వంతులు దాటకూడదంటారు. ఆ లెక్కన ఈ రివెట్‌కు 0.063 రేకు కావాలి. డ్రాయింగ్ గీసినవాళ్లు ఇది చూసుకోవద్దా? ఆ కోపం నాకింకా పోలేదు.

ఆయన అడిగిన లోడ్ యీల్డ్. యీల్డ్ అంటే ఇక్కడ రివెట్ వ్యాసంలో 4 శాతం పర్మనెంట్ సెట్ (లోడ్ తీసేసినా మిగిలిపోయే జరుగుడు). అంటే 0.005 అంగుళం. అంత చిన్న కొలతను నేను మొదట మెషీన్ క్రాస్‌హెడ్ (ముక్కను లాగే దూలం) కదలిక నుంచి తీశాను. గ్రిప్పులు జారడం కూడా అందులో కలిసిపోయి గ్రాఫ్ ఎందుకూ పనికిరాలేదు. ఎక్స్‌టెన్సోమీటర్ (సాగుడు కొలిచే పరికరం) ముక్కకే బిగించి, లోడ్ ఎక్కించి దింపుతూ, దింపాక ఎంత మిగిలిందో చూస్తేనే నిజం తెలిసింది. లిమిట్ లోడ్ (వాడకంలో రాగల గరిష్ఠ లోడ్) దగ్గర యీల్డ్ కాకూడదు, దానికి 1.5 రెట్లైన అల్టిమేట్ దగ్గర విరగకూడదు. కాబట్టి యీల్డ్ అల్టిమేట్‌లో మూడింట రెండు వంతులకన్నా తక్కువుంటే యీల్డ్‌దే పెత్తనం. మాకు అదే అయింది, ఒప్పుకునే లోడ్ బాగా తగ్గింది.

ఇంకొక మాట. కౌంటర్‌సింక్ వేసేవాళ్లు "కంటికి బాగానే ఉంది" అంటే నమ్మకండి. మైక్రోస్టాప్‌ను (కౌంటర్‌సింక్ అనుకున్న లోతు దగ్గర ఆపే పరికరం) ముందు తుక్కు రేకు మీద సరిచూసి, లోతు కొలిచాకే అసలు ముక్క ముట్టుకోనివ్వండి. ఆ ఒక్క మాట నమ్మి నేను ఎనిమిది ముక్కలు పారేశాను.

ఇప్పుడు అక్కడ కౌంటర్‌సింక్ తీసేసి డింపుల్ చేస్తున్నారు (రేకును తొలవకుండా గుంతగా నొక్కడం). దానికి అలవబుల్ వేరు, పరీక్షలూ వేరు. ముక్కలు సోమవారం వస్తాయి, ఎక్స్‌టెన్సోమీటర్ నేనే బిగిస్తాను.