వాకిలికి అటొకటి, ఇటు రెండు

పొద్దున ఐదున్నరకే వెనక గది వాకిలి గీరే చప్పుడు. కొత్తగా తెచ్చిన పెద్ద పిల్లి శీనప్పకు ఆకలేసింది. ఇవతల ఇంట్లోని పాత పిల్లులు గంగ, బొగ్గు అప్పటికే హాజరు. గంగ కింది సందులో ముక్కు దూర్చి వాసన లాగుతా ఉంది. బొగ్గు రెండు మూరల ఎడంగా కూర్చోని వాకిలి వైపే చూస్తా ఉంది.

"ఎన్నాళ్లు మూసిపెడతావు మే, ఒకసారి వదిలితే వాటికవే సర్దుకుంటాయి" అని అత్త రోజూ అనే మాటే ఈ పొద్దూ అనింది. కూనల్ని తెస్తే ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. వయసొచ్చిన పిల్లిని తెచ్చినప్పుడు చెల్లదు. ఇల్లంతా తమ బుగ్గలు రుద్ది వాసన పెట్టుకున్న హద్దు కదా, అందులోకి ముక్కూమొహం తెలియని పెద్ద పిల్లి వస్తే తరమడమే వాటికి తెలుసు. మొదటి చూపులోనే రక్కుకున్నాయంటే ఆ పగ తీరడానికి నెలలు పడుతుంది. అందుకే ముందు వాసన, తర్వాత చూపు, చివరికి కలయిక.

తిండి ముగ్గురికీ ఒకేసారి, వాకిలికి రెండు పక్కలా, అవతలి వాసనంటే మంచి తిండి అని తలకెక్కేలా. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించిన చికెన్ ఈ వాకిలి దగ్గర తప్ప ఇంకెక్కడా పెట్టకూడదు. పొడి తిండి గిన్నె రోజంతా నింపి ఉంచితే ఇక్కడ ఆకలుండదు, ఆకలి లేకుంటే ఈ పనంతా దండగ. మొదట గిన్నెలు వాకిలికి నాలుగైదు అడుగుల దూరంలో ఉంటాయి. తలెత్తకుండా తిన్న పూటకు మాత్రమే జానెడు ముందుకు జరపాలి. గంగ గిన్నె వాకిలి దాకా వచ్చేసింది. బొగ్గు రెండు ముద్దలు తిని తలెత్తి చూసింది, చెవులు పక్కలకు వాల్చింది. దాని గిన్నె మళ్లీ వెనక్కి జరిపాను. గంగను చూసి సంబరపడి లాభం లేదు, ఎవరికి ఎక్కువ బెరుకో వాళ్లు నడిచినంతే నడక.

తర్వాత ఇసుక టబ్బులు. లెక్క ప్రకారం పిల్లులకంటే ఒకటి ఎక్కువ, అంటే మూడింటికి నాలుగు. నాలుగూ ఒకే మూలలో వరసగా పెడితే పిల్లి లెక్కలో అవి ఒకటే. ఒకటి అడ్డం కూర్చుందంటే మిగతావాళ్లకు దారి ఉండదు, ఆ రోజు సోఫా తడుస్తుంది. ఇసుక రెండు మూడు అంగుళాల లోతు చాలు.

పనిమనిషి చేతిలో ఫినాయిల్ సీసా కనబడితే ఆపాల్సిందే. అందులో ఉండే ఫినాల్ రకం రసాయనాలను పిల్లి లివర్ సరిగ్గా విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే నేరుగా లోపలికే పోతుంది. పైగా ఇన్నాళ్లూ పరిచయం చేసిన వాసనలన్నీ ఆ ఘాటులో కొట్టుకుపోతాయి. హాలుకు సబ్బునీళ్లు చాలు. కొత్త పిల్లి గదికి మాత్రం బ్లీచ్, లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్లు, పది నిమిషాలు తడిగా వదిలి, తర్వాత మంచినీళ్లతో కడిగి, ఆరాకే పిల్లిని వదలాలి. ఉచ్చ మీద నేరుగా బ్లీచ్ పోస్తే కళ్లు మండే ఆవిరి లేస్తుంది, ముందు నీళ్లతో కడిగెయ్యాలి. బ్లీచ్ ఎందుకంటే పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల జబ్బు. కుక్కల పార్వో జబ్బు వైరస్‌కు దగ్గరిది దాని వైరస్, సబ్బుకు చావదు, నేల మీద నెలల తరబడి బతికే ఉంటుంది. కొత్తదాన్ని కనీసం రెండు వారాలు విడిగా ఉంచమనడానికి సగం కారణం ఇదే. గజ్జి, తామర, జలుబు బయటపడేదీ ఆ రోజుల్లోనే. రక్తపరీక్షలు, టీకాలు అయ్యేదాకా గిన్నెలు కూడా కలపకూడదు. మగదానికి ఆపరేషన్ అయినా ఒంట్లో పాత హార్మోన్ కొన్ని వారాలు ఉంటుంది, కాబట్టి ఆపరేషన్ అయిన మర్నాడే సాధువైపోతుందని అనుకోవద్దు.

శీనప్పకు ఆ రెండు వారాలు, పరీక్షలు, టీకాలు అయిపోయాయి కాబట్టి మధ్యాహ్నం వాసనల మార్పిడి. పాత బనీను గుడ్డతో శీనప్ప బుగ్గలు, గడ్డం కింద రుద్ది, ఇవతల గిన్నెలకు కొంచెం ఎడంగా వేశాను. గంగ దాని మీద పడుకునింది. బొగ్గు బుస్సుమని లేచిపోయింది. గుడ్డ అక్కడే ఉంది, ముక్కు దగ్గరికి తీసుకుపోయి చూపించే పని పెట్టుకోకూడదు. తర్వాత అరగంట చోట్ల మార్పిడి. గంగనూ బొగ్గునూ పడకగదిలో మూసి, శీనప్పను హాల్లోకి వదిలి, ఆపైన వాళ్లిద్దర్నీ వెనక గదిలోకి. ఎదురుపడకుండా మధ్యలో ఎప్పుడూ ఒక వాకిలి మూసుండాలి.

సాయంత్రం వాకిలి తెరిచి, అడ్డంగా మెష్, అంటే జాలీ తెర. నైలాన్ దోమతెర ఒక గోటికే చిరుగుతుంది, స్టీలుదే కావాలి. దాని మీద దుప్పటి కప్పి, కింద నాలుగు వేళ్ల మందం మాత్రం ఎత్తి క్లిప్పులు పెట్టాను. శీనప్ప కాళ్లు కనబడగానే గంగ బుస కొట్టింది. బుసతో బాధ లేదు, దూరంగా ఉండమని చెప్పడమే అది. భయపడాల్సింది చప్పుడు లేని చూపుకు. బొగ్గు రెప్ప వెయ్యకుండా, ఒళ్లు బిగించి, తోక కొస మాత్రం ఆడిస్తా చూసింది. వెంటనే మధ్యలోకి అట్టపెట్టె ముక్క జరిపితే చూపు తెగింది. అప్పుడు అరిచినా, నీళ్లు చల్లినా ఆ చెడ్డంతా కొత్త పిల్లి ఖాతాలోనే పడుతుంది. చేతుల్లోకి ఎత్తుకుంటే కోపం మన మీదికి మళ్లుతుంది. కరిస్తే పారే నీళ్ల కింద పావుగంట సబ్బుతో కడిగి, రేబిస్ టీకాకు ఆస్పత్రికి పోవాల్సిందే, ఇంటి పిల్లి అయినా సరే.

రాత్రి పక్కింటి అక్క గిన్నెడు పాలు తెచ్చింది. "కొత్తది కదా, పాలు పోస్తే మచ్చికవుతుంది" అంట. పెద్ద పిల్లుల్లో చానావాటికి పాలు అరగవు. విరేచనాలైతే అది పాల వల్లో, బెదురు వల్లో, జబ్బు వల్లో తెలుసుకోలేక చావాలి. ఆ పాలు కాఫీకయ్యాయి.

రేపు ఎదురింట్లో పెళ్లి, బ్యాండు మేళం, టపాకాయలు ఎటూ ఉంటాయి. అదిరిపోయిన పిల్లి పక్కన ఏది కనబడితే దాన్నే శత్రువనుకుంటుంది. రేపు మెష్ లేదు, మార్పిడి లేదు. వాకిలి మూసి, సందుకు గుడ్డ కుక్కి, గిన్నెలు ఈ రోజున్న చోటే పెట్టి, వేళకు తిండి మాత్రం.